ఫ్రీలాన్స్ ఆదాయం, చిన్న షాపు, ఐటీఆర్-4: ఫారం తెరిచే ముందు ఏం సరిచూసుకోవాలి?

వెబ్ డెవలపర్:
2025 ఆగస్టు సగానికి వచ్చేశాం, నేనింకా ఇన్‌కమ్ టాక్స్ రిటర్న్ (ఐటీఆర్) మొదలే పెట్టలేదు. తెలిసినవాళ్లు కొంచెం దారి చూపించండి. ఉద్యోగం మానేసి సొంతంగా వెబ్‌సైట్లు చేసి ఇస్తున్నాను. 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా నాకు వసూలైన బిల్లుల మొత్తం 14,40,000. అందులో 9 లక్షల పని ఒకే కంపెనీది. వాళ్లు 10 శాతం టీడీఎస్ కట్ చేశారు కాబట్టి బ్యాంకులో పడింది 13,50,000 మాత్రమే. ఇది కాక సేవింగ్స్ వడ్డీ 4,200 ఉంది. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఐటీఆర్-1 వేసేవాణ్ని. ఇప్పుడూ అదే వేయొచ్చా? కొత్త ల్యాప్‌టాప్ కొన్నాను, దాన్ని ఖర్చు కింద చూపించుకోవచ్చా? అన్నిటికన్నా ముందు, నా ఆదాయం 13.5 లక్షలా, 14.4 లక్షలా?

లెక్కల మనిషి:
చివరి ప్రశ్నతోనే మొదలుపెడదామండీ. చాలామంది అక్కడే తప్పటడుగు వేస్తారు. మీ వసూలు 14,40,000. కంపెనీ కట్ చేసిన 90,000 కూడా మీ డబ్బే, మీ పేరున ముందుగా కట్టిన పన్ను. 13.5 లక్షలే చూపించి, మళ్లీ 90,000 టీడీఎస్ క్లెయిమ్ చేస్తే లెక్క పొసగదు.

ఐటీఆర్-1 వ్యాపార, వృత్తి ఆదాయానికి పనికిరాదు. మీది సెక్షన్ 44ఏడీఏ కిందికి వస్తుంది. లాయర్లు, డాక్టర్లు, ఇంజనీర్లు, ఆర్కిటెక్టులు, అకౌంటెంట్లతో పాటు ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వృత్తి కూడా ఆ జాబితాలో ఉంది. ఏడాది వసూలు 50 లక్షల లోపు ఉంటే, నగదు వసూలు 5 శాతం దాటకపోతే 75 లక్షల దాకా, సగాన్ని ఆదాయంగా చూపించి ఐటీఆర్-4 వేసేయొచ్చు. పుస్తకాలు రాయక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు. ఆ మిగతా సగంలోనే మీ ల్యాప్‌టాప్, ఇంటర్నెట్, కరెంటు అన్నీ కలిసిపోయాయని చట్టం అనుకుంటుంది. వాటిని విడిగా తగ్గించుకోవడం కుదరదు. ఉద్యోగులకు ఇచ్చే 75,000 స్టాండర్డ్ డిడక్షన్ కూడా మీకు రాదు. అది జీతం, పెన్షన్ వాళ్లకే.

కాబట్టి మీ ఆదాయం 7,20,000. 2024-25 ఆదాయానికి కొత్త పన్ను విధానంలో మొదటి 3 లక్షలకు ఏమీ లేదు, 3 నుంచి 7 లక్షల దాకా 5 శాతం, ఆపైన 10 లక్షల దాకా 10 శాతం. లెక్క ప్రకారం పన్ను 22,000. అయితే 7 లక్షల దాకా రిబేట్ (పన్ను మాఫీ) వల్ల పన్ను సున్నా కనుక, 7 లక్షలు దాటిన 20,000 కంటే ఎక్కువ వసూలు చేయకుండా మార్జినల్ రిలీఫ్ ఉంది. పన్ను మీద పడే 4 శాతం సెస్సుతో 20,800 అవుతుంది.

ఇప్పుడు ఆ 4,200 వడ్డీ కలపండి. ఆదాయం 7,24,200. 7 లక్షల మీద ఎక్కువైంది 24,200, పన్నేమో 22,420. అంటే రిలీఫ్ పోయింది. సెస్సుతో కలిపి 23,320. నాలుగు వేల వడ్డీకి రెండున్నర వేల పన్ను! అలాగని వడ్డీ వదిలేయకండి. అది ఇప్పటికే మీ ఏఐఎస్‌లో, అంటే మీ ఆదాయాల గురించి డిపార్ట్‌మెంట్ దగ్గరున్న వివరాల పట్టీలో, కూర్చుని ఉంటుంది.

అందుకే నా మాట ఒకటే. ముందు ఫారం తెరవకండి. ఇన్‌కమ్ టాక్స్ పోర్టల్‌లో ఏఐఎస్, 26ఏఎస్ (మీ పేరున జమైన టీడీఎస్ పట్టీ) దించుకుని, మీ బిల్లుల పక్కన పెట్టి ఒక్కో వరసా టిక్కు పెట్టుకుంటూ రండి. అక్కడ లెక్క తేలితే ఫారం నింపడం అరగంట పని.

వెబ్ డెవలపర్:
చాలా థ్యాంక్స్ అండీ. మీరు చెప్పినట్టే దించాను. దించగానే టెన్షన్ పట్టుకుంది. 26ఏఎస్‌లో ఆ కంపెనీ పేరు మీద 9,75,000 చూపిస్తోంది, టీడీఎస్ 97,500. మార్చి నెలాఖరున పంపిన 75,000 బిల్లుకి వాళ్లు మార్చిలోనే టీడీఎస్ కట్ చేసి, డబ్బు మాత్రం ఏప్రిల్‌లో వేశారు. ఇప్పుడేం చేయాలి? వాళ్ల అకౌంట్స్ వాళ్లని అడిగితే "మా ఎంట్రీ కరెక్టే" అని ఒక్క ముక్కలో తేల్చేశారు.

లెక్కల మనిషి:
వాళ్లన్నది నిజమేనండీ. బిల్లు ఖాతాలో ఎక్కించినప్పుడో, డబ్బు ఇచ్చినప్పుడో, ఏది ముందైతే అప్పుడు టీడీఎస్ కట్ చేయాలి. మీరు డబ్బు వచ్చిన తేదీని బట్టి లెక్క రాసుకుంటారు, వాళ్లు బిల్లు తేదీని బట్టి. తేడా అక్కడిది.

మీకు రెండు దారులున్నాయి. ఈ 75,000 కూడా ఈ ఏడాదే చూపించి, మొత్తం 97,500 క్లెయిమ్ చేయడం ఒకటి. ఆదాయాన్ని వచ్చే ఏడాదికే ఉంచి, ఆ 7,500 టీడీఎస్‌ని కూడా దానితోపాటే వచ్చే ఏడాదికి పంపడం రెండోది. ఐటీఆర్-4 టీడీఎస్ షెడ్యూల్‌లో ఈ ఏడాది క్లెయిమ్ చేసేది ఎంత, ముందుకు తీసుకెళ్లేది ఎంత అని విడివిడి గళ్లు ఉన్నాయి. ఏ దారి పట్టినా ఏటా అదే పాటించాలి. ఆదాయం వచ్చే ఏడాదికి నెట్టి టీడీఎస్ మాత్రం ఇప్పుడే లాగేసుకోవడం కుదరదు. డిపార్ట్‌మెంట్ కంప్యూటర్ ముందు పట్టుకునేది దాన్నే. మీరు ఇంతకాలం డబ్బు వచ్చిన తేదీనే చూసుకుంటున్నారు కాబట్టి రెండో దారే మీకు నయం.

ఇంకో మాట. పీపీఎఫ్, ఎల్‌ఐసీ, ఎన్‌పీఎస్ లాంటివి 2025 మార్చి 31 లోపు ఏమైనా కట్టారా? కట్టి ఉంటే, ఇలాంటి పొదుపులను ఆదాయంలోంచి తగ్గించుకోనిచ్చే పాత పన్ను విధానం కూడా ఒకసారి వేసి చూడాలి.

వెబ్ డెవలపర్:
కట్టానండీ. పీపీఎఫ్, ఎల్‌ఐసీ కలిపి లక్షన్నర. ఎన్‌పీఎస్ 50,000. ఆరోగ్య బీమా ప్రీమియం 19,000.

లెక్కల మనిషి:
బాగుంది. పీపీఎఫ్, ఎల్‌ఐసీకి సెక్షన్ 80సీ కింద 1,50,000, ఎన్‌పీఎస్‌కి విడిగా 50,000, ఆరోగ్య బీమాకి 80డీ కింద 19,000, సేవింగ్స్ వడ్డీకి 80టీటీఏ కింద 4,200. మొత్తం 2,23,200. మీ 7,24,200 లోంచి తీసేస్తే 5,01,000 మిగులుతుంది.

పాత విధానంలో 5 లక్షల దాకా అయితే రిబేట్‌తో పన్ను సున్నా. ఒక్క రూపాయి దాటినా రిబేట్ మొత్తం పోతుంది, అక్కడ మార్జినల్ రిలీఫ్ లేదు. మీకు 1,000 దాటినందుకు సెస్సుతో కలిపి 13,208 పడుతుంది. ఆ ఏడాదిలో రక్త పరీక్షలు, బాడీ చెకప్ లాంటివి ఏమైనా చేయించుకున్నారా? ముందు జాగ్రత్త పరీక్షలకు 5,000 దాకా అదే 80డీలో, 25,000 పరిమితి లోపలే చూపించుకోవచ్చు. ప్రీమియం నగదుగా కడితే చెల్లదు గానీ, ఈ పరీక్షలకు నగదు ఇచ్చినా పరవాలేదు.

వెబ్ డెవలపర్:
డిసెంబర్‌లో మా ఆవిడకీ నాకూ చేయించాం! 3,500 రసీదు ఉంది.

లెక్కల మనిషి:
ఇంకేం, 4,97,500కి దిగింది. పన్ను సున్నా, కట్ చేసిన 90,000 మొత్తం వెనక్కి వస్తుంది. కొత్త విధానంలో అయితే 66,680 వచ్చేది.

కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. కొత్త విధానమే ఇప్పుడు డిఫాల్ట్. ఉద్యోగులైతే ఏటా ఇటూ అటూ మారొచ్చు. వ్యాపార, వృత్తి ఆదాయం ఉన్నవాళ్లు పాత దానిలోకి వెళ్లాలంటే గడువు లోపల ఫారం 10-ఐఈఏ వేయాలి. తర్వాత ఎప్పుడైనా కొత్తదానికి తిరిగి వచ్చారంటే, ఆ వృత్తి ఆదాయం ఉన్నంతకాలం మళ్లీ పాతదానికి పోవడం ఉండదు. కాబట్టి ఈ ఒక్క ఏడాది లాభం చూసుకుని కాకుండా, వచ్చే ఏళ్లలోనూ ఈ పొదుపులు కడతారా లేదా అని ఆలోచించుకోండి. 2025-26 ఆదాయానికి కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేట్ పెంచారు. వచ్చే ఏడాది మీరు కొత్తదానికి వచ్చేస్తారనే నా అంచనా. వచ్చాక ఇక అక్కడే ఉండిపోవాలి, మీ ఆదాయానికి అది నష్టమేమీ కాదు.

రిటర్న్ గడువు 2025లో జూలై 31 నుంచి సెప్టెంబర్ 15కి పెంచారు. అది దాటితే పాత విధానం అవకాశమే పోతుంది, పైగా ఆలస్య రుసుము. ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, దాటితే 5,000.

షాపు యజమాని:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నాది ఫ్యాన్సీ షాపు, జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉంది. ఏడాది అమ్మకాలు జీఎస్టీ కాకుండా 62 లక్షలు. యూపీఐ, కార్డుల మీద 45 లక్షలు, నగదు 17 లక్షలు. ఆ నగదు కూడా ఎప్పటికప్పుడు బ్యాంకులో వేసేశాను. నా బాధేమిటంటే, బ్యాంకులో మొత్తం జమలు 80 లక్షల పైన కనిపిస్తున్నాయి. బామ్మర్ది తిరిగిచ్చిన అప్పు, బ్యాంకు లోను, ఒక ఖాతాలోంచి ఇంకో ఖాతాకి మార్చినవి, కస్టమర్ల దగ్గర వసూలు చేసిన జీఎస్టీ, అన్నీ కలిసి. మొన్న జూలైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చారుగా, అప్పటి నుంచి నిద్ర పట్టట్లేదు. ఇంకొకటి, పన్ను సున్నా వస్తుంది కాబట్టి అసలు రిటర్నే వేయక్కర్లేదని మా పక్క షాపాయన అంటున్నాడు.

లెక్కల మనిషి:
అన్నా, కర్ణాటక గొడవ వేరు. అక్కడ యూపీఐ వసూళ్లు రిజిస్ట్రేషన్ పరిమితి దాటినా జీఎస్టీ తీసుకోలేదని వచ్చిన నోటీసులవి. మీకు రిజిస్ట్రేషన్ ఉంది. మీరు చూసుకోవాల్సిందల్లా జీఎస్టీ రిటర్నుల్లో చూపిన 62, ఇక్కడ చూపే 62 ఒకటేనా అని. ఐటీఆర్-4లో జీఎస్టీ నంబరు, దాని ప్రకారం టర్నోవర్ అడుగుతారు. రెండు చోట్లా రెండు అంకెలు ఉంటే నోటీసుకి మనమే తలుపు తీసినట్టు.

బ్యాంకు జమలన్నీ అమ్మకాలు కావు. లోను, చేబదులు, సొంత ఖాతాల బదిలీలు పక్కన పెట్టి, ఏది ఎందుకు వచ్చిందో స్టేట్‌మెంట్ మీదే పెన్సిల్‌తో రాసుకుని దాచండి. రేపు ఎవరైనా అడిగినా ఆ కాగితమే జవాబు. వచ్చే ఏడాది నుంచైనా షాపు క్యూఆర్ కోడ్‌ని విడి ఖాతాకి పెట్టుకోండి, సగం తలనొప్పి పోతుంది.

మీకు వర్తించేది సెక్షన్ 44ఏడీ, అమ్మకాల్లో ఇంత శాతాన్ని లాభంగా చూపించే పద్ధతి. బ్యాంకు, డిజిటల్ మార్గాల్లో వచ్చిన 45 లక్షల మీద 6 శాతం, అంటే 2,70,000. నగదు 17 లక్షల మీద 8 శాతం, 1,36,000. ఆ నగదు తర్వాత బ్యాంకులో వేసినా అది నగదు అమ్మకమే, 6 శాతం కిందికి రాదు. మొత్తం 4,06,000. ఇది కనీసం మాత్రమే. నిజంగా ఇంతకంటే మిగిలితే ఎక్కువ చూపించండి. 2024-25 ఆదాయానికి కొత్త విధానంలో 7 లక్షల దాకా పన్ను ఎలాగూ సున్నాయే కాబట్టి తక్కువ చూపించి సాధించేదీ లేదు, రేపు లోనుకి వెళ్తే బ్యాంకువాళ్లు చూసేదీ ఈ అంకెనే.

పక్క షాపాయన మాట పట్టించుకోకండి. పన్ను సున్నా అయినా, ఆదాయం మినహాయింపు పరిమితి 3 లక్షలు దాటితే రిటర్న్ వేయాలి. అది కాకపోయినా, వ్యాపారం టర్నోవర్ 60 లక్షలు దాటితే వేయాలనే నియమం 2022 నుంచి ఉంది.

44ఏడీలో ఐదేళ్ల ముడి కూడా ఉంది. ఒకసారి ఇందులోకి వచ్చాక, తర్వాతి ఐదేళ్లలో ఎప్పుడైనా లాభం ఇంతకంటే తక్కువ చూపిస్తే, ఆ పైన ఐదేళ్లు ఇందులోకి రానివ్వరు. ఆదాయం మినహాయింపు దాటితే పుస్తకాలు, ఆడిట్ మెడకు చుట్టుకుంటాయి. పై డెవలపర్ గారి 44ఏడీఏకి ఈ ఐదేళ్ల ముడి లేదు.

మార్చి 31 నాటి సరుకు నిల్వ, రావాల్సిన బాకీలు, ఇవ్వాల్సిన బాకీలు, చేతిలో నగదు కూడా ఫారంలో అడుగుతుంది. సరుకు నిండుగా ఉన్న షాపుకి నిల్వ సున్నా అని కొట్టేయకండి.

పాలసీల ఏజెంట్:
మేడమ్‌లూ సార్లూ, నాది బీమా కమీషన్ ఆదాయం. నేనూ 6 శాతం చూపించి ఐటీఆర్-4 వేయొచ్చా?

లెక్కల మనిషి:
కుదరదండీ. కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ వ్యాపారాలకు 44ఏడీ లేదు. మీరు ఐటీఆర్-3లో నిజమైన ఖర్చులు చూపించి వేయాలి. పెట్రోలు, ఫోను బిల్లులు దాచుకున్నారనుకుంటాను. 

వెబ్ డెవలపర్:
ఒక్క చివరి డౌట్ అండీ. ఐటీఆర్-4 నింపుతుంటే 10-ఐఈఏ అక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ అడుగుతోంది. రిటర్న్ వేశాక ఆ ఫారం వేస్తే సరిపోదా?

లెక్కల మనిషి:
లేదు, అదే ముందు. 10-ఐఈఏ వేసి, వచ్చిన నంబరు, తేదీ ఇక్కడ ఎక్కించాలి. ఈ ఏడాది 80సీ, 80డీ దగ్గర పాలసీ నంబర్ల లాంటి వివరాలు కూడా అడుగుతున్నారు, రసీదులు పక్కన పెట్టుకుని కూర్చోండి. రిఫండ్ పడాల్సిన బ్యాంకు ఖాతా వ్యాలిడేట్ అయిందో లేదో చూసుకోండి. సబ్మిట్ కొట్టాక 30 రోజుల్లో ఆధార్ ఓటీపీతో ఈ-వెరిఫై చేయాలి, అది చేయకపోతే వేసినా వేయనట్టే. తర్వాత 143(1) ఇంటిమేషన్ అని మెయిల్ వస్తుంది, నోటీసు అనుకుని కంగారు పడొద్దు. ఒక కాలమ్‌లో మీరిచ్చిన అంకె, పక్క కాలమ్‌లో వాళ్ల లెక్క ఉంటాయి. తేడా ఉంటే ఆ పేజీ ఇక్కడ పెట్టండి, పాన్ నంబరు మాత్రం కనపడకుండా కొట్టేసి.