హిల్డెబ్రాండ్ పాటలో యతి చూడటం ఎలా?

ప్రశ్న: పాత జర్మన్ వీరుడు హిల్డెబ్రాండ్ పాటలో కొడుకు తండ్రిని పోల్చుకోలేక అనే మాట: "దూ బిస్త్ దిర్ అల్తేర్ హూన్, ఉమ్మెత్ స్పాహేర్" (ముసలి హూణుడా, మహా జిత్తులమారివి). ఇక్కడ యతి ఎక్కడుంది? అ, ఉ లకు మైత్రి లేదు కదా!

జవాబు: మన లెక్కలో లేదు, వాళ్ల లెక్కలో ఉంది. అ-ఆ-ఐ-ఔ ఒక జట్టు, ఉ-ఊ-ఒ-ఓ ఇంకో జట్టు అన్న విభజన అక్కడ లేదు. ఏ అచ్చుకైనా ఏ అచ్చైనా చెల్లుతుంది. అల్తేర్, ఉమ్మెత్ చక్కగా కలిశాయి.

చూసే పద్ధతి ఇది. పాదాన్ని రెండుగా విరవండి. ఒక్కో సగంలో రెండు ఊనికలు (నొక్కి పలికే అక్షరాలు) ఉంటాయి. ముందు మూడో ఊనికను పట్టుకోండి, పాదమంతా దాని మీదే నిలుస్తుంది. మొదటి రెండింటిలో ఒకటైనా దానితో కలవాలి, నాలుగోది కలవకూడదు. "హిల్తిబ్రంత్ ఎన్తి హదుబ్రంత్ / ఉన్తర్ హెరియున్ తువేమ్" (రెండు సేనల నడుమ తండ్రీకొడుకులు): హ, హ, హ, చివర త. ఎన్తి, ఉన్తర్‌ల మీద ఊనిక లేదు కాబట్టి వాటి అచ్చులు లెక్కలోకి రావు. ఉత్పలమాలలో పదో అక్షరం అని మనం వేళ్ల మీద లెక్కపెట్టినట్టు ఇక్కడ పెడితే ఏమీ దొరకదు. స్ప, స్త, స్క సంయుక్తాల్లో కూడా స్ప స్పతోనే, స్త స్తతోనే, స్క స్కతోనే కలుస్తుంది, ఉత్త సకారంతో కలవవు.

మరొకరు: మరి 21వ పాదం? "ప్రూత్ ఇన్ బూరే, బర్న్ ఉన్వహ్సన్" (ఇంట భార్యను, ఎదగని బిడ్డను). ప, బ ఎలా కలిశాయి?

జవాబు: అసలు మాట బ్రూత్. బకారాన్ని పకారంగా పలకడం బవేరియా యాస. బూరే, బర్న్ మాత్రం బకారంతోనే ఉండిపోయాయి. మనకు దక్కిన ప్రతి 830ల ప్రాంతంలో ఫుల్డా మఠంలో ఇద్దరు లేఖకులు ఒక మతగ్రంథపు మొదటి, చివరి ఖాళీ పుటల మీద ఎక్కించినది. ఎగువ జర్మన్ (దక్షిణాది యాస) పాటకు దిగువ జర్మన్ (ఉత్తరాది యాస) రూపం తొడగబోయి పొరపడ్డారు. తెల్లని డాళ్లు అనేచోట "హువిత్తె" అని రాశారు, నిజమైన దిగువ రూపంలో ఒక్క తకారమే ఉంటుంది. 48వ పాదం ఇంకా గట్టి సాక్ష్యం. రీహె (రాజ్యం), రెక్కెఓ (ప్రవాసి) రకారంతో కలుస్తాయి. దిగువ జర్మన్‌లో రెండోది "వ్రెక్కియో", వకారం ముందుకొచ్చి యతి చెడుతుంది. అందుకే ఆ పాదం ఎగువ జర్మన్‌లో పుట్టిందే అంటాను.

తెలుగు చేసేవాళ్లు 50వ పాదం దగ్గర జాగ్రత్తపడాలి. "సుమరో ఎన్తి విన్త్రో సెహ్స్తిక్" అంటే వేసవులూ చలికాలాలూ కలిపి 60, అంటే 30 ఏళ్ల ప్రవాసం. 60 ఏళ్లని రాస్తే, తండ్రి వెళ్లేనాటికే పుట్టి ఉన్న హదుబ్రాండ్ అరవై దాటిన ముసలివాడైపోతాడు.