సద్దుల బతుకమ్మ రవాణా: లిఫ్టు సంగతి తేలేదాకా ఆ వ్యానులో ఎవరినీ ఎక్కించవద్దు

రవాణా బాధ్యురాలు (హనుమకొండ నుంచి):

అందరికీ నమస్కారం. పూలు, మైకు, సద్దుల సంగతులు వేరే చోట నడుస్తున్నాయి. ఇక్కడ పెద్దల రాకపోకలు ఒక్కటే మాట్లాడుకుందాం. న్యూజెర్సీలో వేడుక నాటికి వరంగల్, కరీంనగర్, జగిత్యాల వైపు నుంచి అమ్మానాన్నలు చాలామంది పిల్లల దగ్గరకు వస్తున్నారు. వారిలో కొందరు చక్రాల కుర్చీ మీదే ఉంటారు.

చక్రాల కుర్చీని పైకెత్తే లిఫ్టు ఉన్న వ్యానుకు అడ్వాన్సు ఇచ్చే ముందు యజమానిని రీకాల్ గురించి, అంటే లోపం తేలి కంపెనీ బాగుచేయడానికి వెనక్కి పిలిచిందా అని, అడిగాను. "వ్యాను నంబరు కొట్టి చూశాం, అంతా శుభ్రంగా ఉంది" అన్నారు. మరి లిఫ్టు మాట ఏమిటని అడిగితే కాసేపు ఆగి, "దాని కంపెనీ నుంచి ఏదో ఉత్తరం వచ్చింది, విడిభాగం ఇంకా రాలేదు" అన్నారు. ఆ ఉత్తరం ఫొటో తెప్పించాను. లిఫ్టులో కుర్చీ నిలిచే పలక అంచున లేచి నిలబడి కుర్చీని ముందుకు జారకుండా ఆపే రేకు ఉంటుంది కదా, అది కొన్ని లిఫ్టుల్లో పూర్తిగా లాక్ కాకపోవచ్చని రాశారు. మరమ్మతు ఉచితమనీ, భాగం సిద్ధమయ్యాక ఇంకో ఉత్తరం పంపుతామనీ కూడా ఉంది. అంటే ఇది మొదటి ఉత్తరం మాత్రమే. లోపం ఉందని తెలిసింది, మందు ఇంకా దొరకలేదు.

వ్యాను నంబరు శుభ్రంగా ఎందుకు కనిపించిందో కూడా చెబుతాను. ముందు అద్దం కింద కనిపించే 17 అంకెలు, అక్షరాల నంబరు వాహనం తయారైన కంపెనీది. లిఫ్టును తర్వాత వేరే వర్క్‌షాపులో బిగించి ఉంటే దాని సంగతి ఆ నంబరుకు తెలియకపోవచ్చు. అందుకే అమెరికా రహదారి భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైటులో వాహనాలకు ఒక చోటు, పరికరాలకు మరో చోటు ఉన్నాయి. రెండో దానిలో లిఫ్టు తయారీదారు పేరుతో వెతకాలి. లిఫ్టు మీద దాని సొంత లేబుల్ ఉంటుంది, మోడల్, సీరియల్ నంబర్లు అక్కడే దొరుకుతాయి. ఎవరు ఏ వ్యాను మాట్లాడినా ఆ లేబుల్ ఫొటో నాకు పంపండి.

వేదిక బృందం:

అమ్మా, నీ శ్రద్ధ మెచ్చుకోదగ్గదే. కానీ ఇంత భయం అవసరమా? హనుమకొండ పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల నాడు మా అమ్మను కుర్చీతో సహా నలుగురం ఎత్తుకుని గుండం దాకా తీసుకుపోయేవాళ్లం. అప్పుడు లిఫ్టూ లేదు, రీకాలూ లేదు. వేడుక జరిగే స్కూలు దగ్గరా మన కుర్రాళ్లు ఉంటారు కదా.

రవాణా బాధ్యురాలు:

బాబాయ్, ఆ నలుగురూ అప్పుడు పాతికేళ్ల వాళ్లు, అమ్మగారు నలభై అయిదు కిలోలు, కుర్చీ చెక్కది. ఇప్పుడు కొందరి మోటారు కుర్చీ ఒక్కటే నూట నలభై కిలోలు తూగుతుంది. దాన్ని మనిషితో సహా వ్యాను గుమ్మందాకా ఎత్తబోయి ఎవరి చేయి జారినా పడేది కూర్చున్న వాళ్లే. ఎత్తే వాళ్ల నడుముల సంగతి సరే. ఎత్తడం అన్న మాట ఈ జాబితాలో రాదు.

బరువు గురించి ఎవరూ పట్టించుకోని విషయం ఒకటి. అమెరికా వాహన భద్రతా నిబంధన 403 ప్రకారం నలుగురూ వాడే వాహనాల లిఫ్టును 600 పౌండ్లకు, అంటే దాదాపు 272 కిలోలకు తగ్గట్టు తయారు చేయాలి. సొంత వాడకం లిఫ్టుకు కనీసం 400 పౌండ్లు, 181 కిలోలు ఉంటే చాలు. పైకి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి. తేడా లేబుల్ మీద రాసిన మాటలోనే ఉంది: డీఓటీ (అమెరికా రవాణా శాఖ) పబ్లిక్ యూజ్ లిఫ్ట్ అని ఉందా, ప్రైవేట్ యూజ్ లిఫ్ట్ అని ఉందా చూడాలి. మోటారు కుర్చీ నూట నలభై, అందులో కూర్చున్న పెద్దాయన ఎనభై అయిదు అనుకుందాం. 225 అయింది. రెండో రకం లిఫ్టు అంతకు తట్టుకుంటుందో లేదో లేబుల్ చూడకుండా ఎవరు చెబుతారు? పైగా మనవాళ్లకు ఒక అలవాటు, "పట్టుకుంటాను నాన్నా" అంటూ కొడుకు కూడా పలకెక్కి నిలబడతాడు.

వ్యాను నడిపే వాలంటీర్:

అక్కా, ఇక్కడ అమెరికాలో వృద్ధులను ఆసుపత్రులకు తీసుకెళ్లే వ్యాన్లు నడిపాను కాబట్టి రెండు మాటలు కలుపుతాను. కుర్చీని వెనక్కి తీసుకెళ్లి ఎక్కించాలి, మనిషి ముఖం బయటివైపు ఉండాలి. రెండు బ్రేకులూ వేయాలి, మోటారు కుర్చీ అయితే స్విచ్ ఆపాలి. పలక నేల మీద నుంచి 75 మిల్లీమీటర్లు లేచేసరికి ఆ అంచు రేకు నిలబడి ఉండాలి, లేకపోతే లిఫ్టు ఆగిపోవాలి. పలక వ్యాను నేలకంటే 25 మిల్లీమీటర్లకు మించి కిందికి దిగినప్పుడు ఎవరైనా గుమ్మం అంచున ఉంటే బజర్ మోగడమో దీపం వెలగడమో జరగాలి. ఇవి మర్యాద కోసం పెట్టిన హంగులు కావు. వెనక నుంచి నెట్టేవాడు పలక లేదని చూసుకోకుండా నెట్టితే కుర్చీ, మనిషి కింద ఉంటారు. బజరు విసుగని తీగ పీకేసిన వ్యాన్లు నేను చూశాను.

ముందు రోజే ఖాళీ కుర్చీలో బియ్యం బస్తాలు కట్టి పైకీ కిందికీ నడిపి చూద్దాం. కరెంటు పోతే చేత్తో దింపే పంపు కడ్డీ ఎక్కడ ఉందో కూడా అప్పుడే చూసుకోవాలి. కానీ ఉత్తరం వచ్చిన లిఫ్టుకు ఈ పరీక్ష సరిపోదు. ఈ రోజు లాక్ అయిన రేకు రేపు అవుతుందని చెప్పలేం.

కాగితాలు చూసే సభ్యుడు:

రీకాల్ తేలని వాహనాలను అద్దెకు ఇవ్వకూడదని ఇక్కడ అమెరికాలో చట్టం ఉంది, 2016 జూన్ 1 నుంచి అమలులో ఉంది. అయితే అది 35 కంటే ఎక్కువ అద్దె వాహనాలున్న సంస్థలకు. మనం మాట్లాడిన వారి దగ్గర గట్టిగా పది వ్యాన్లు కూడా ఉండవు. కాబట్టి చట్టం చూసుకుంటుందిలే అని కూర్చోవడానికి లేదు, అడగాల్సింది మనమే. ఇంకో మాట, ఉచిత మరమ్మతు హక్కు మొదటి కొనుగోలు నుంచి 15 ఏళ్ల దాకానే. మనం అనుకుంటున్న రెండో వ్యాను, గుడి వారిది, పాతది కదా, అది ఎప్పటిదో తెలుసుకోండి.

రవాణా బాధ్యురాలు:

కనుక్కుంటాను. ఈలోగా ఇక్కడ హనుమకొండలో జరిగిన పని చెబుతాను. నిన్న సాయంత్రం వడ్డేపల్లి దగ్గర ఒక పెద్దమ్మ ఇంటికి టేపు పట్టుకుని వెళ్లాను. వరండాలో బంతిపూలు గుచ్చుకుంటూ కూర్చుంది. కుర్చీ చక్రాలకు అడ్డంగా టేపు పెడితే "రవిక కొలతలా తల్లీ?" అంది. నవ్వాపుకుని చూస్తే బయటి వెడల్పు 26 అంగుళాలు. మడత పడే ఇనుప కుర్చీ, చేతులు ఊడదీసేవి, కాళ్ల పలకలు కాస్త వదులు. వ్యాను నేలకు పట్టీలతో బిగించడానికి ప్రత్యేకంగా కొక్కేలు ఏమీ లేవు. ఇలాంటి కుర్చీలో కూర్చోబెట్టి హైవే మీద తీసుకుపోవడం నాకు ఇష్టం లేదు. పట్టీని ఊడే చేతికో చక్రానికో తగిలిస్తే అది కట్టినట్టే కాదు.

"పెద్దమ్మా, గోడ పట్టుకుని రెండడుగులు వేయగలరా?" అని అడిగితే, లేచి వంటింటి గుమ్మందాకా నడిచి చూపించింది. ఆమెకు లిఫ్టు అక్కరలేదు. మామూలు కారులో ముందు సీటు వెనక్కి జరిపి కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, కుర్చీని మడిచి డిక్కీలో వేస్తే చాలు. నా లెక్కలో మన జాబితాలో సగానికి పైగా ఇలాంటివారే ఉంటారు. లిఫ్టు కావలసింది కుర్చీలోంచి లేవలేనివారికి. వారికి లిఫ్టు బదులు నేల కిందికి దించి ర్యాంపు పెట్టిన వ్యాను వెతుకుదాం. దానికి కూడా రీకాల్ చూడాలి, ఎత్తే మోటారు లేదు కదా అని వదిలేయకండి.

సద్దుల బృందం:

వదినా, చక్కెర జబ్బు ఉన్న పెద్దలు ఆట అయ్యేదాకా ఆగలేరు. వారిని తెచ్చే కార్లు ముందు చేరితే పెరుగన్నం, పులిహోర విడిగా పెట్టి ఉంచుతాం. బెల్లం వేసిన మలీద మాత్రం అడిగినా ఇవ్వం, తిట్టుకుంటే తిట్టుకోనీ.

వేదిక బృందం:

సరే తల్లీ, ఒప్పుకున్నాను. బతుకమ్మలు పేర్చే చోటుకీ స్కూలు ర్యాంపు తలుపుకీ మధ్య మైకు తీగలు పరిచారు మావాళ్లు. అవి తీయిస్తాను.

రవాణా బాధ్యురాలు:

చాలా సంతోషం బాబాయ్. ఉత్తరం వచ్చిన వ్యానును వదిలేస్తున్నాం, అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. ఇక మీ ఇంటి పెద్దల గురించి ఇవి రాసి పంపండి: నిలబడి కారులోకి మారగలరా, కుర్చీ మడత పడుతుందా, మోటారు కుర్చీ అయితే దాని సొంత బరువు ఎంత, వెంట ఎవరు వస్తారు. న్యూజెర్సీలో ఎడిసన్ వైపు ర్యాంపు వ్యాను ఉన్నవారు ఎవరైనా తెలిస్తే డ్రైవింగ్ తమ్ముడికి చెప్పండి, లేబుల్ ఫొటోతో సహా. గుడి వ్యాను లిఫ్టు లేబుల్‌ను రేపు ఉదయం కాగితాలు చూసే అన్నయ్య వెళ్లి ఫొటో తీస్తారు.