కంచలో చిన్న జంతువులు నిలవాలంటే పొదలను ఏ మేరకు ఉంచాలి?

ప్రశ్న: గుట్టకింది చెలక (దేవరకొండ)

పెద్దలకు నమస్కారం. దేవరకొండ దగ్గర గుట్ట వాలులో మాకు ఎనిమిది ఎకరాలున్నాయి. ఐదెకరాలు బత్తాయి తోట కాగా, మిగిలిన మూడెకరాలను మా తాత కాలం నుంచీ దున్నకుండా కంచగా వదిలేశాం. అందులో తునికి, మోదుగ, బలుసు, పరికి, కలివి పొదలు, నాలుగు పెద్ద ఇప్పచెట్లు, గుట్ట మీద నుంచి దొర్లి ఆగిన బండలు ఉన్నాయి. కొన్నేళ్లుగా లంటానా అనే కలుపు పొద కూడా కమ్ముకుంటోంది.

పోయిన వేసవిలో జేసీబీ పెట్టించి కంచలో ఒక ఎకరం మేర పొదలన్నీ పెరికించాను. ఎండు దుంగలను వంటచెరకుకు ఇచ్చేసి, ఆకుచెత్తను కుప్పపోసి కాల్చాను. భూమిని బాగు చేశాననే అనుకున్నాను. తెల్లవారుజామున మోటారు వేయడానికి వెళ్లినప్పుడల్లా ఎదురయ్యే చెవులపిల్లులు వానలు పడిన తరువాత ఆ వైపు ఒక్కటీ కనిపించలేదు. బండల మధ్య తిరిగే, ఉడుత వంటిదే గాని వీపున చారలు లేని, మూతి కోసుగా ఉండే ఒక జంతువు కూడా మాయమైంది. నా వల్ల జరిగిన నష్టమేమిటో అప్పుడు తెలిసింది.

మిగిలిన రెండెకరాలను కాపాడుకోవాలని, పాడుచేసిన ఎకరాన్ని మళ్లీ వాటికి పనికివచ్చేట్టు చేయాలని నా కోరిక. పొదలుంటే ఎలుకలూ పాములూ పెరిగి తోట నాశనమవుతుందని పక్క చేను వారు అంటున్నారు. లంటానాను పూర్తిగా తీసేయవచ్చా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

జవాబు 1: నల్లమల అంచు (మన్ననూరు)

అన్నగారికి నమస్కారం. నేను వేసవుల్లో అడవిలో అగ్గి కాపలా పని చాలా ఏళ్లు చేశాను. ఆ పనిలో చూసినదాన్ని బట్టి చెబుతున్నాను. మీ కంచలో జంతువులకు తిండి కరువు కాలేదు, నక్కే చోటు కరువైంది. మన వైపు మే నెల ఎండకు బయటి నేల పెనంలా కాలుతుంది. ఆ వేళ ఎలుక, చుంచు, ముంగిస ఏదైనా సరే పగలంతా చల్లగా, తడిగా ఉండే నీడలో గడపాలి. ఆ నీడను ఇచ్చేవి మీరు తీసేసిన దుంగలు, ఆకుచెత్త, పొదల అడుగులే.

ఒకసారి వాగు ఒడ్డున కూలిపోయి పడి ఉన్న నల్లమద్ది దుంగను కొంచెం పక్కకు దొర్లించి చూశాను. చుట్టూ నేల నెర్రెలు బారి ఉన్నా దాని కింది మట్టి చేతికి చల్లగా, తడిగా తగిలింది. అందులో బొటనవేలు లావు కలుగు ఒకటి, దాని నోటి దగ్గర కొరికి పడేసిన ఇప్పగింజల డిప్పలు పిడికెడు, పక్కనే చెదపురుగులు, ఒక జెర్రి కనిపించాయి. దుంగను ఎలా ఉన్నదాన్ని అలాగే దొర్లించి పెట్టి వచ్చాను. ఒక దుంగ పుచ్చి మట్టిలో కలవడానికి ఏళ్లు పడుతుంది, అన్నేళ్లూ అది ఏదో ఒక ప్రాణికి ఇల్లే. అందుచేత ఇకపై కూలిన చెట్టును, తొర్ర ఉన్న మోడును కదిలించకండి.

పాడైన ఎకరంలో కొమ్మల కుప్పలు వేయండి. లావు దుంగలను కింద అడ్డదిడ్డంగా, మధ్య సందులు ఉండేట్టు పేర్చి, పైన బత్తాయి కత్తిరింపుల కొమ్మలు, ముళ్లకంప వేస్తే సరిపోతుంది. మనిషి నడుము ఎత్తు చాలు. ఒక కుప్ప నుంచి ఇంకో కుప్పకు జంతువు ఒక్క పరుగులో చేరగలిగేంత దూరమే ఉండాలి, ఆ వరుస నిలిచి ఉన్న పొదల వరకూ సాగాలి. విడిగా మధ్యలో ఒకే కుప్ప వేస్తే దానిదాకా వెళ్లేలోపే డేగకు దొరికిపోతుంది.

లంటానా సంగతి జాగ్రత్తగా చూడాలి. అది మన గడ్డినీ మొలకలనూ ఎదగనివ్వదు కాబట్టి తీయవలసిందే, కాని పొదల్లో గడ్డితో గూడు కట్టుకునే ఎలుక జాతులు ఇప్పటికి దానిలోనే ఉంటాయి. ఏడాదికి నాలుగో వంతు చొప్పున తీయండి. పైపైన నరికితే మళ్లీ గుబురుగా చిగురిస్తుంది. గడ్డపారతో మొదలు దగ్గర తవ్వి, నేల కింద నాలుగైదు సెంటీమీటర్ల లోతున వేరును తెంచి, బోదెను తలకిందులుగా పెట్టాలి. పండు రాలకముందే చేయాలి. తీసిన చోట తొలకరికి బలుసు, కలివి, రేగు విత్తులు వేస్తే, అవి గుబురు కట్టిన తరువాత రెండో వంతుకు పోవచ్చు.

ఇక అగ్గి. ఫిబ్రవరి నుంచి మే దాకా కంచ చుట్టూ నాలుగు మీటర్ల వెడల్పున ఎండుగడ్డి తీసి ఉంచండి. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్ల కింద ఆకును కాల్చే అలవాటు ఉంటే, ఊడ్చి పక్కకు నెట్టమని, లేదా పాత చీరలు పరచుకోమని నచ్చజెప్పండి. హైదరాబాద్ నెహ్రూ జంతుప్రదర్శనశాలలో 2010లో మొదలైన కార్యక్రమంలో పుట్టిన మూషిక జింకలను మా అమ్రాబాద్ అడవిలో వదిలారు. చెట్టు తొర్రల్లో, బండ సందుల్లో నక్కి, రాలిన పండ్లు తిని బతికే అంత చిన్న జింకకు అడవి అడుగుభాగం కాలిపోతే ఇంకేమీ మిగలదు.

జవాబు 2: మామిడితోట (కొల్లాపూర్)

పక్క చేను వారి భయం పూర్తిగా తప్పు కాదు గాని, తోటకు చేటు చేసే పందికొక్కు కంచలో కంటే తడి ఉన్న పొలం గట్లలోనే ఎక్కువగా కలుగులు తవ్వుతుంది. గట్లను వెడల్పుగా, ఎత్తుగా వదలకుండా సన్నగా చెక్కి ఉంచండి. బత్తాయి పాదుల్లో చెత్త కప్పినప్పుడు మొదలుకు మూరెడు దూరం వదలండి. ఉడుతలు డ్రిప్పు పైపులు కొరకడం నిజమే. తోట అంచున రెండు మూడు మట్టి తొట్లలో నీళ్లు పెట్టిన తరువాత మా దగ్గర ఆ బాధ చాలావరకు తగ్గింది.

ఎలుకల మందు మాత్రం పెట్టవద్దని చేతులు జోడించి చెబుతున్నాను. ఒక ఏడు నేను తోటంతా మందు బిళ్లలు పెట్టించాను. ఆ రకం మందు తిన్న ఎలుక వెంటనే చావదు, కొన్ని రోజులు మత్తుగా ఆరుబయట తిరుగుతుంది. అటువంటిదే గూబకు ముందుగా చిక్కుతుంది. వారం తరువాత మా పెద్ద మామిడి కింద తెల్లటి ముఖం గూబ రెక్కలు పరచుకుని చచ్చి పడి ఉంది. రాత్రికి రాత్రి ఎలుకలను పట్టిపెట్టే దాన్ని నేనే చంపుకున్నానని ఇప్పటికీ బాధపడుతుంటాను. ఇప్పుడు తోటలో అక్కడక్కడా టీ ఆకారపు కొయ్యలు పాతాను, గూబలు వాటి మీద వాలుతున్నాయి. జెర్రిపోతును కూడా మా కూలీలెవరూ కొట్టరు.

జవాబు 3: జీవశాస్త్ర ఉపాధ్యాయుడు (మహబూబ్‌నగర్)

చారలు లేకుండా, కోసు మూతితో, బండల మధ్య పగటిపూట తిరిగేదని మీరు వర్ణించినది మద్రాస్ ట్రీ ష్రూ కావచ్చు. భుజం మీద లేతరంగు గీత ఒకటి ఉన్నదేమో చూడండి. అది ఉడుతల జాతిది కాదు. పురుగులు, పండ్లు తిని, రాత్రి బండ సందుల్లో పడుకుంటుంది. కాబట్టి ఆ బండలను క్వారీ వారికి గాని, గోడ కట్టడానికి గాని ఇవ్వకండి.

చెవులపిల్లి కలుగు తవ్వదు. గడ్డిలో ఒత్తుకుని చేసుకున్న చిన్న గుంటలో పగలంతా కదలకుండా ఉంటుంది, పిల్లలనూ గడ్డి మాటునే పెడుతుంది. అందువల్ల గడ్డి కోసేటప్పుడు మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు రండి, మూడో వంతు కోయకుండా వదలండి. అంచుల నుంచి చుట్టుకుంటూ వస్తే అవి నడిమిలో ఇరుక్కుపోతాయి.

ఏవి తిరిగి వచ్చాయో తెలుసుకోవడానికి బోనులు పెట్టవద్దు, అందుకు అనుమతి కావాలి. ఉచ్చులు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కాబట్టి ఎవరైనా పన్నితే తీసివేయించండి. పొదల మధ్య దారిలో బారెడు పొడవున మెత్తటి ఇసుక పరచి, సాయంత్రం చదును చేసి, పొద్దున్నే అడుగులు చూడండి. ఇంటికి, పొదలకు మధ్య పదిహేను మీటర్ల ఖాళీ ఉంచండి. రక్తపింజర భయంతో పాటు, పొదల్లో ఉండే, నల్లిని పోలిన సన్నని పురుగుల (చిగ్గర్ మైట్ల) వల్ల వచ్చే స్క్రబ్ టైఫస్ జ్వరం కూడా ఉంది. కంచలో పనిచేసి వచ్చినవారు స్నానం చేసి బట్టలు మార్చుకోవాలి, జ్వరం వస్తే డాక్టరుకు పొదల్లో తిరిగిన సంగతి తప్పక చెప్పాలి.

గుట్టకింది చెలక

ముగ్గురికీ కృతజ్ఞతలు. బత్తాయి కొమ్మలతో ఆరు కుప్పలు వేయించాను. మందు తెప్పించే ఆలోచన మానుకున్నాను. మొన్న సాయంత్రం మూడో కుప్ప పక్కన ఇసుక పరిచాను. ఈ పొద్దున దాని మీద పొడవాటి గుర్తులు రెండు పక్కపక్కనే ముందు, చిన్నవి రెండు వాటి వెనుక ఒకదాని తరువాత ఒకటిగా పడి ఉన్నాయి. ఇవి దేనివి?

జీవశాస్త్ర ఉపాధ్యాయుడు

చెవులపిల్లివే. గెంతేటప్పుడు వెనుక కాళ్లు ముందుకాళ్లను దాటి ముందు పడతాయి. ఆ ఇసుకను అక్కడి నుంచి కదపకండి.