సుగ్గి బండిలో టీబీ: మేస్త్రికి చెప్పాలా, వద్దా?

కోసిగి_పంతులు:
మా ఊర్లో ఒకాయనకు టీబీ తేలింది. సంక్రాంతి దాటినాక మిరపకాయలు తెంపేదానికి గుంటూరు దిక్కు సుగ్గికి, అంటే వలస కూలికి, పోయి, దగ్గు తగ్గక మధ్యలోనే తిరిగొచ్చినాడు. ఇంట్లోవాళ్ళను ఆశా అక్క పరీక్షకు తీసుకుపోయింది, అంతవరకు బాగుంది. అయితే ఆయన నెలన్నర పండుకున్నది ఇంట్లో కాదు. చేను గట్టున టార్పాలిన్ పట్ట కింద, ఇంకో మూడు కుటుంబాలతో. వాళ్ళింకా అక్కడే ఉన్నారు. ఎవరు ఏ పట్ట కింద ఉండేదీ సరిగ్గా తెలిసింది కూలీలను బండెక్కించి తీసుకుపోయిన మేస్త్రికే. ఆయనకు సంగతి చెప్పి పేర్లు తీసుకోవాలని నేనంటాను. మీరేమంటారు?

ఆదోని_పత్తి:
చెప్తే ఆ కుటుంబం పని అయిపోయినట్టే సార్. వచ్చే ఏడు మేస్త్రి బండి ఎక్కించుకోడు, ఇచ్చిన అడ్వాన్సు వాపసు అడుగుతాడు. 2020లో చూడలేదా? రెడ్ జోన్ అని వీధికి అడ్డంగా కట్టెలు కట్టినారు. కట్టెలు తీసేసినాక కూడా ‘ఆ కరోనా ఇల్లు’ అనే పేరు పోలేదు.

సీమ_కారం:
అంటే ఒకరి పేరు దాచేదానికి పక్కన పండుకున్న పసిబిడ్డను పణం పెడతామా? టీబీ క్రిమి ఒంట్లో చేరినవాళ్ళలో జీవితకాలంలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే, నిజమే. అయితే అందులో సగం దాకా మొదటి రెండేళ్ళలోనే బయటపడుతుంది. ఐదేళ్ళలోపు పిల్లల్లో మెదడు పొరలకు పాకే భయమూ ఉంది. సుగ్గికి పోయేవాళ్ళలో ఎంతమంది పిల్లల్ని సీజనల్ హాస్టల్లో వదిలిపోతారు, ఎంతమంది చంకన వేసుకుపోతారో మన పడమటి మండలాల్లో అందరికీ తెలుసు.

ఆదోని_పత్తి:
పిల్లల్ని వదిలేయమని నేను అన్లేదప్పా. మేస్త్రి నోట్లో పెట్టొద్దంటున్నా.

ఏఎన్ఎం_అక్క:
ఇద్దరూ మేస్త్రి దగ్గరే ఆగిపోయినారు. ముందు రోగినే కూర్చోబెట్టుకుని అడగాలి. ‘నీకు ఎవరి నుంచి అంటింది?’ అని మొదలుపెడితే నోరు విప్పరు. ‘రాత్రి తల ఏ దిక్కు పెట్టి పండుకుంటావు, నీ పక్కన ఎవరు, ఆ పక్కన ఎవరు’ అని అడుగుతా. కాగితం మీద పట్ట బొమ్మ గీస్తే వాళ్ళే వేలు పెట్టి చూపిస్తారు. ఒకే మూసిన చోట గంటల తరబడి కలిసి గాలి పీల్చినవాళ్ళు ముఖ్యం. పగలు ఎండలో చాలు పక్కన చాలు తెంపినవాళ్ళకు ప్రమాదం చాలా తక్కువ. బండిలో ఒక్క రాత్రి ప్రయాణం చేసినవాళ్ళను ఆ తర్వాత చూసుకోవచ్చు.

ఇంకొకటి. మిరప చేలో దగ్గు లెక్క పనికిరాదు. ఘాటుకు కళ్ళాల దగ్గర అందరూ దగ్గుతారు. మాకు ఇచ్చిన ప్రశ్నలు నాలుగు: దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటలు. మొదటిదానికి అందరూ ‘ఉంది’ అంటారు, లేదా ‘కారం వల్లలే’ అని కొట్టేస్తారు. ఎక్స్‌రే తీయాలి, అనుమానం ఉంటే తెమడను టీబీ క్రిమిని పట్టే మిషను ట్రూనాట్‌లో చూడాలి. జబ్బు లేదని తేలినవాళ్ళకే నివారణ మాత్రలు. ఎందుకంటే జబ్బు ఉన్నవాళ్ళకు ఆ ఒకటి రెండు మందులే ఇస్తే క్రిమి మందుకు లొంగకుండా మొండికేస్తుంది. మాత్రల్లో రోజూ మింగే ఆరు నెలల కోర్సు ఉంది, వారానికోసారి చొప్పున పన్నెండు వారాల కోర్సు ఉంది. సుగ్గికి పోయేవాళ్ళకు దొరికితే రెండోదే మేలు.

రోగి వివరాలు ప్రభుత్వ టీబీ పోర్టల్ నిక్షయ్‌లో ఉంటాయి కాబట్టి అక్కడి పీహెచ్‌సీకి కబురు పంపొచ్చు. వాళ్ళు ఆ చేలల్లో కూలీలందరికీ వైద్య శిబిరం పెడితే ఎవరి పేరూ రాదు.

సీమ_కారం:
శిబిరమా! కిలోల లెక్కన కూలి తెంపేవాళ్ళు పని వదిలి వస్తారా? ఫోటోలు దిగి పోతారంతే.

ఏఎన్ఎం_అక్క:
పొద్దుగుంకినాక పట్టల దగ్గరికే పోవాలి. పగలు పెడితే మీరన్నట్టే అవుతుంది.

పాత_పేపరు:
రోగిని ఊరవతల పెట్టాలని ఎవరన్నా అంటే వాళ్ళకు ఒక మాట. 1959లో మద్రాసు అధ్యయనం వెలువడింది. ఇంట్లోనే ఉండి మందు మింగినవాళ్ళ కుటుంబాలకు, శానిటోరియంలో (టీబీ ఆసుపత్రిలో) చేరినవాళ్ళ కుటుంబాల కంటే జబ్బు ఎక్కువగా రాలేదు. ఎక్కువగా అంటుకునేది మందు మొదలుకాక ముందే. ఇక తిండి సంగతి. ఝార్ఖండ్‌లో రోగుల ఇంట్లోవాళ్ళకు తిండి సరుకులు ఇస్తే వాళ్ళలో టీబీ 39 శాతం తగ్గిందని 2023లో తేలింది. ప్రభుత్వం రోగికి ఇచ్చే నెల సాయాన్ని 2024 నవంబరు నుంచి 500 నుంచి 1000 రూపాయలకు పెంచింది. ఆ డబ్బు పక్క పట్టవాళ్ళకు రాదు కదా, వాళ్ళ తిండి ఎవరు చూస్తారు?

కోసిగి_పంతులు:
అక్క చెప్పినట్టు ఆయనతోనే బొమ్మ గీయించినా. మూడు కుటుంబాల్లో ఇద్దరి ఫోన్ నంబర్లు ఆయన దగ్గరే ఉన్నాయి, ఆయనే మాట్లాడినాడు. మూడో కుటుంబం మాత్రం వేరే రైతు చేనుకు మారిపోయిందంట. ఫోన్ లేదు, రెండేళ్ళ పాప ఉంది. యాడ ఉన్నారో మేస్త్రికే తెలుసు.

ఆదోని_పత్తి:
రేషన్ కార్డు పనని చెప్పి నేను కనుక్కుంటా సార్.

ఏఎన్ఎం_అక్క:
అబద్ధం వద్దు తమ్ముడూ. రేపు ఆ పాపకు మాత్రలిచ్చేటప్పుడు ఎట్లాగూ బయటపడుతుంది. శిబిరం పెడుతున్నాం, మీ ముఠాలు ఏ ఏ చేలల్లో ఉన్నాయో చెప్పమని అడగండి. అదీ నిజమే కదా. ఎవరి కోసమని అడిగితే అందరి కోసమనండి.

ఆదోని_పత్తి:
అడుగుతా. ఒక్క కుటుంబం గురించే రెండుసార్లు అడిగితే మాత్రం వాడు పసిగడతాడు.