అప్‌డేట్: డిసర్టేషన్ టాపిక్ కుదించాక దారి దొరికింది

జనవరిలో నేనడిగింది ఇది: అనువాద అధ్యయనాల్లో ఎంఏ డిసర్టేషన్‌కు "తెలుగు–ఇంగ్లిష్ ఇంటర్‌ప్రిటింగ్ సమస్యలు" అనే టాపిక్ (ఇంటర్‌ప్రిటింగ్ అంటే మాటను నోటితోనే అనువదించి చెప్పడం) సరిపోతుందా? మరీ పెద్దది, ఒక్క సమస్యే తీసుకోమని చాలామంది అన్నారు. మీ మాట విన్నందుకు చాలా సంతోషంగా ఉంది.

ఇప్పుడు చూస్తున్నది తెలుగు వాక్యం చివరి క్రియ ఒక్కటే. "మంత్రిగారు నిన్న ఢిల్లీలో రైతు నాయకులతో మాట్లాడలేదు" అన్నప్పుడు, ఆ "లేదు" వినబడేదాకా అసలు విషయం తెలియదు. ఇంగ్లిష్‌లోనేమో కర్త వెంటనే క్రియ కావాలి. సైమల్టేనియస్‌గా, అంటే వక్త మాట్లాడుతుండగానే అనువదించి చెప్పే మనిషి ఆగితే జ్ఞాపకం మీద భారం, ఊహించి ముందుకెళ్తే తప్పు దొర్లే ప్రమాదం. ఇంటర్‌ప్రిటింగ్ పరిశోధకుడు డేనియల్ జీల్ ఎఫర్ట్ మోడల్‌లో వినడం, గుర్తుంచుకోవడం, మాట్లాడటం, వీటిని సమన్వయం చేయడం అన్నీ ఒకే పరిమిత శక్తిని పంచుకుంటాయి. నా డేటాకు అది చక్కగా అమరింది.

క్లాస్‌మేట్స్ ఆరుగురు తాము ఇంటర్‌ప్రిటింగ్ చేస్తుంటే రికార్డ్ చేయడానికి ఒప్పుకున్నారు. సమ్మతి పత్రాలు, ఎథిక్స్ అనుమతి ముందే తీసుకోండి, నాకు దానికే నెల పట్టింది. వక్త మాటకూ వాళ్ల మాటకూ మధ్య ఆలస్యాన్ని ఈలాన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలుస్తున్నాను. పది నిమిషాల ఆడియోకు ఒక రోజంతా పోతోంది, అయినా ఈ పని నాకెంతో ఇష్టంగా ఉంది.

సాహిత్య సమీక్ష ముగిసింది. విశ్లేషణ అధ్యాయం వచ్చే నెల గైడ్‌గారికి ఇవ్వాలి, టెన్షన్ అంతా దాని గురించే.