అప్‌డేట్: కాటా సిస్టమ్ కెర్నల్ పానిక్ దొరికింది

గుంటూరు మిర్చి యార్డు దగ్గరి కోల్డ్ స్టోరేజీలో కాటా సిస్టమ్ (తూకం కాటాకి కలిపిన కంప్యూటర్) ఆన్ చేస్తుంటే ఒక్కోసారి కెర్నల్ పానిక్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగమే కుప్పకూలి మెషీన్ ఆగిపోవడం) వస్తోందని, లాగ్‌లో ఏమీ మిగలడం లేదని అడిగాను కదా. ర్యామ్ మార్చమని కొందరు అన్నారు, మార్చినా పోలేదు. నెట్‌కన్సోల్ (కెర్నల్ మెసేజ్‌లను నెట్‌వర్క్ మీదుగా వేరే కంప్యూటర్‌కి పంపేది) పెట్టమన్న అన్నకి చేతులెత్తి దండం. పానిక్ మెసేజ్ మొత్తం పక్క ల్యాప్‌టాప్‌లోకి వచ్చేసింది.

ఆ మెసేజ్‌లో ఉన్నది ఇది: నల్ పాయింటర్ (ఎక్కడికీ చూపని ఖాళీ చిరునామా), అడ్రస్ హెక్సాలో 18. ఆర్‌ఐపీ లైన్లో (ప్రాసెసర్ ఏ చోట ఆగిందో చూపేది) మా సీరియల్ కార్డు డ్రైవర్ ఇంటరప్ట్ హ్యాండ్లర్ (కార్డు పిలిచినప్పుడు నడిచే ఫంక్షన్) పేరు, పక్కన ప్లస్ 2ఎ, ఇదీ హెక్సానే. అంటే ఫంక్షన్ మొదలు నుంచి 42 బైట్ల అవతల. మెషీన్ కోడ్ బైట్లు చూపే కోడ్ లైన్లో, తప్పు జరిగిన చోటుని గుర్తించే కోణపు బ్రాకెట్ పడింది 48 మీద, తర్వాత 8బి 50 18. దాన్ని విప్పితే ఆర్‌ఏఎక్స్ అనే ప్రాసెసర్ రిజిస్టర్‌లోని అడ్రస్‌కి 24 బైట్ల అవతల ఉన్నదాన్ని ఆర్‌డీఎక్స్ అనే ఇంకో రిజిస్టర్‌లోకి తెచ్చే మూవ్. ఆర్‌ఏఎక్స్ సున్నా! హెక్సాలో 18 అంటే 24 కాబట్టి లెక్క సరిగ్గా కుదిరింది. అది చూసినప్పుడు కలిగిన ఆనందం మాటల్లో చెప్పలేను.

డీబగ్ సమాచారంతో మాడ్యూల్ మళ్లీ బిల్డ్ చేసి ఆబ్జ్‌డంప్‌లో (మెషీన్ కోడ్‌ని విప్పి చూపే టూల్) అదే ఆఫ్‌సెట్, అంటే ఆ 42వ బైట్ చోటు, చూస్తే సోర్స్ లైన్ దొరికింది. బఫర్ (వచ్చే డేటా దాచే మెమరీ) కేటాయించకముందే డ్రైవర్ ఇంటరప్ట్ రిజిస్టర్ చేసుకుంటోంది. బూట్ సమయంలో కాటా మీద టిక్కీ (మిర్చి బస్తా) ఉంటే డేటా వచ్చి పడుతుంది, ఖాళీ పాయింటర్ తగులుతుంది. అందుకే ఉదయం తూకాలు మొదలయ్యే వేళే ఎక్కువ వచ్చేది.

బఫర్ కేటాయింపును ఇంటరప్ట్ రిజిస్టర్ చేయడానికంటే ముందుకు జరిపాను. టిక్కీ కాటా మీదే ఉంచి 30 సార్లు రీబూట్ చేశాను, ఒక్కసారీ పడలేదు. ప్యాచ్ కార్డు అమ్మినవాళ్లకి పంపాను.