స్పెక్ట్రమ్ ప్లస్‌కి కెంప్‌స్టన్ జాయ్‌స్టిక్ కిట్ కట్టాను, ఏమీ నొక్కకపోయినా ఫైర్ అవుతోంది

నెల్లూరు_48కె:

అందరికీ నమస్కారం. మా మావయ్య 1986లో ఇంగ్లండ్ నుంచి తిరిగొస్తూ తెచ్చిన సింక్లెయిర్ స్పెక్ట్రమ్ ప్లస్ (టీవీకి తగిలించుకునే పాతకాలం హోమ్ కంప్యూటర్) నా దగ్గర ఉంది. ముప్పై ఏళ్ళు అటక మీద ట్రంకుపెట్టెలో పాత చీర చుట్టుకుని పడుంది. పోయిన ఏడాది దించి చూస్తే కీబోర్డు లోపలి మెంబ్రేన్ (కీల కింద ఉండే పల్చటి ప్లాస్టిక్ షీటు) తోకలు ఎండిపోయి, ముట్టుకోగానే అప్పడంలా విరిగాయి. కొత్త మెంబ్రేన్ తెప్పించి వేశాను. టీవీలో అడుగున 1982 కాపీరైట్ లైను కనబడిన రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

ఇప్పుడు మావయ్యకి 76 ఏళ్ళు. వేళ్ళు సరిగా వంగవు, ఈ కీలు నొక్కడం ఆయన వల్ల కాదు. జాయ్‌స్టిక్ అయితే గుప్పిట్లో పట్టుకుని ఆడగలరు. స్పెక్ట్రమ్ ప్లస్‌కి జాయ్‌స్టిక్ సాకెట్టే లేదు కాబట్టి వెనక బోర్డు అంచున ఉండే ఎడ్జ్ కనెక్టర్‌కి తగిలించి జాయ్‌స్టిక్‌ని కలిపే కెంప్‌స్టన్ ఇంటర్‌ఫేస్ కిట్ ఒకటి కొన్నాను. ఒక బోర్డు, 74ఎల్ఎస్240, 74ఎల్ఎస్32 అనే రెండు ఐసీలు (చిప్‌లు), 10కె రెసిస్టర్లు, తొమ్మిది పిన్నుల సాకెట్, ఎడ్జ్ కనెక్టర్, రెండు ఐసీ బేస్‌లు, అంతే. రెండు రాత్రులు కూర్చుని సోల్డరింగ్ చేశాను.

సమస్య ఏంటంటే, జెట్‌ప్యాక్ ఆటలో కెంప్‌స్టన్ ఆప్షన్ పెట్టి మొదలుపెట్టగానే మనిషి ఆపకుండా లేజర్ కాలుస్తున్నాడు. కుడి, ఎడమ, పైకి ఎగరడం అన్నీ బాగున్నాయి. ఫైర్ ఒక్కటే. జాయ్‌స్టిక్ పీకేసినా అదే వరస, అంటే జాయ్‌స్టిక్ తప్పు కాదు. మీటర్‌తో అది కూడా చూశాను, బటన్ వదిలినప్పుడు 6వ పిన్నుకీ 8వ పిన్నుకీ మధ్య కనెక్షన్ లేదు. ఐసీకి 4.95 వోల్టులు వస్తున్నాయి. బోర్డు అడుగున ప్రతి జాయింటూ భూతద్దం పెట్టి చూశాను.

ఎల్ఎస్240 పోయినట్టేనా? కొత్తది ఆర్డర్ పెట్టనా? మావయ్య సంక్రాంతికి వస్తున్నారు, ఇంకా పన్నెండు రోజులే ఉంది. టెన్షన్‌గా ఉంది.

టంకం_పొగ:

బ్రదర్, నీ ప్రశ్నకి ఇది జవాబు కాదు కానీ ముందు చెప్పాల్సిన మాట. ఎడ్జ్ కనెక్టర్‌లో 5వ స్థానంలో అడ్డంగా చిన్న ప్లాస్టిక్ ముక్క ఉందా? స్పెక్ట్రమ్ బోర్డులో ఆ చోట గాడి ఉంటుంది. ఆ ముక్క లేకపోతే కనెక్టర్ ఒక పిన్ను పక్కకి కూర్చునే ప్రమాదం ఉంది. అడుగు వరసలో 3వది 5 వోల్టులు, దాని పక్కనే 4వది 9 వోల్టులు. ఒక్క గడి జరిగితే నీ ఐసీల్లోకి 9 వోల్టులు పోతాయి.

ఇంకోటి, కరెంటు ఉండగా ఇంటర్‌ఫేస్ తగిలించడం, పీకడం ఎప్పుడూ చేయొద్దు. ఆ కొద్దిపాటి కదలికకే టీఆర్4 ట్రాన్సిస్టర్ పోతుంది. అది పోతే లోపలి మెమరీ చిప్‌లకి వెళ్ళే 12 వోల్టులు, మైనస్ 5 వోల్టులు దెబ్బతింటాయి, ఆ వెనకే 4116 చిప్‌లూ పోతాయి. నా దగ్గరున్నది మన దేశంలో డెసిబెల్స్ వాళ్ళు చేసిన డీబీ స్పెక్ట్రమ్. దానికి సరిగ్గా ఇలాగే అయింది, ఆ మెమరీ చిప్‌లు ఒక్కొక్కటీ మార్చుకుంటూ నెల రోజులు తంటాలు పడ్డాను.

అడాప్టర్ ఎప్పుడైనా మారిస్తే మధ్య పిన్ను నెగటివ్ ఉన్నదే కొను. మన షాపుల్లో దొరికేవి ఎక్కువగా మధ్యన పాజిటివ్ ఉన్నవే.

కోఠి_రిటైర్డ్:

నేను పాతికేళ్ళు ఒక వర్క్‌షాపులో బోర్డులు రిపేరు చేశాను. ఐసీ అప్పుడే కొనకండి. ఇలాంటి చోట ఐసీ పోవడం తక్కువ. ముందు మెషిన్‌నే అడుగుదాం. దానికి ఏం వినిపిస్తోందో అదే చెబుతుంది.

కెంప్‌స్టన్ అంటే 31వ పోర్టు, మెషిన్ జాయ్‌స్టిక్ స్థితిని ఒక అంకెగా చదువుకునే చోటు. కుడికి 1, ఎడమకి 2, కిందకి 4, పైకి 8, ఫైర్‌కి 16. ఏమీ నొక్కకపోతే 0 రావాలి. రెండు లైన్ల బేసిక్ ప్రోగ్రాం రాయండి. 10వ లైనులో ప్రింట్ ఎట్ 0,0, ఇన్ 31, ఆ తర్వాత కోట్స్‌లో మూడు ఖాళీలు. 20వ లైనులో గో టు 10. ఇన్ అన్న మాటని ఐ, ఎన్ అని విడివిడిగా కొడితే ఒప్పుకోదు. ఎక్స్‌టెండ్ మోడ్ కీ నొక్కి, ఆ తర్వాత సింబల్ షిఫ్ట్ పట్టుకుని ఐ కీ నొక్కాలి. ఖాళీలు మర్చిపోతే పాత అంకె తోక పక్కన మిగిలిపోయి తికమక పెడుతుంది.

ఏమీ నొక్కకుండా ఎంత వస్తోంది, కుడికి తోస్తే ఎంత, ఫైర్ నొక్కితే ఎంత, రాసి పెట్టండి. అంకె నిలకడగా ఉందా, మారుతోందా అన్నది కూడా చెప్పండి. అది ముఖ్యం.

నెల్లూరు_48కె:

టంకం_పొగ అన్నా, ప్లాస్టిక్ ముక్క ఉంది, గట్టిగానే కూర్చుంది. కరెంటు సంగతి గుర్తుపెట్టుకుంటాను, ఇప్పటిదాకా అదృష్టం బాగుంది.

సార్, మీరు చెప్పినట్టే చేశాను. ఏమీ నొక్కకుండా 240 వస్తోంది. కానీ నిలకడగా లేదు. మధ్యమధ్యలో కన్ను ఆర్పేలోగా 48 అని, ఒక్కోసారి 0 అని మెరిసి మళ్ళీ 240కి పోతోంది. ఫోన్‌లో వీడియో తీసి ఆపి ఆపి చూస్తే గానీ అర్థం కాలేదు. కుడికి తోస్తే 241, ఎడమకి 242, కిందకి 244, పైకి 248. ఫైర్ నొక్కినా వదిలినా ఏ తేడా లేదు.

కోఠి_రిటైర్డ్:

బాగా చూశారు. ఆ 48 చూడకపోతే ఇంకో రెండు రోజులు వెతకాల్సి వచ్చేది.

240 అంటే 128, 64, 32, 16 కలిపితే వచ్చేది. అంటే ఆ అంకెలోని ఎనిమిది బిట్లలో (0 లేదా 1 ఉండే గడుల్లో) పై నాలుగూ 1గా ఉన్నాయి. ఫైర్ ఒక్కటే అతుక్కుని ఉంటే 16 రావాలి. నాలుగూ ఒకేసారి తప్పు చెబుతున్నాయంటే ఏదో ఒక బిట్ సమస్య కాదు, చిప్‌లో సగం పనిచేయడం లేదని.

ఎల్ఎస్240లో ఎనిమిది బఫర్లు (సిగ్నల్‌ని దాటించే తలుపుల్లాంటివి) నాలుగేసి చొప్పున రెండు గుంపులుగా ఉంటాయి. మొదటి గుంపుని తెరిచేది 1వ పిన్ను, రెండో గుంపుని తెరిచేది 19వ పిన్ను. ఎల్ఎస్32 చేసే పని ఒక్కటే. ప్రాసెసర్ నుంచి వచ్చే ఐఓఆర్‌క్యూ, ఆర్‌డీ, ఏ5 మూడు లైన్లూ కిందకి దిగినప్పుడు ఈ రెండు పిన్నులనీ కిందకి లాగుతుంది. అప్పుడు బఫర్లు తెరుచుకుని జాయ్‌స్టిక్ స్థితిని డేటా లైన్ల మీద పెడతాయి. మీ నాలుగు దిక్కులూ మొదటి గుంపులో ఉన్నాయి కాబట్టి బాగా పనిచేస్తున్నాయి. ఫైర్, ఖాళీగా ఉండే మిగతా మూడు బిట్లూ రెండో గుంపులో ఉన్నాయి. ఆ గుంపు అసలు తెరుచుకోవడం లేదు.

తెరుచుకోకపోతే ఆ నాలుగు లైన్ల మీద ఎవరూ ఏమీ పెట్టడం లేదు. అలాంటప్పుడు స్పెక్ట్రమ్‌లో మామూలుగా 1లే కనబడతాయి. అయితే అదే క్షణంలో యూఎల్ఏ చిప్ బొమ్మ గీయడానికి స్క్రీన్ మెమరీ చదువుతుంటే ఆ బైటు డేటా లైన్ల మీదకి కారుతుంది. తెల్ల కాగితం మీద నల్ల సిరా రంగుల కోడు 56. దాని పై నాలుగు బిట్ల విలువ 48. మీకు మెరిసిన 48 అదే. 0 కూడా అలాగే వచ్చింది, తెరలో ఏమీ రాయని చోటు అది. అంటే ఫైర్ బిట్ దగ్గర మీ మెషిన్ జాయ్‌స్టిక్‌ని వినడం లేదు, తన టీవీ బొమ్మని తానే వింటోంది.

కాబట్టి 19వ పిన్ను చూడండి. ఎల్ఎస్ రకం చిప్ దేనికీ తగలని ఇన్‌పుట్‌ని హై (1) అనుకుంటుంది, అందుకే ఆ సగం మూసుకుని ఉంది. కరెంటు తీసేసి, ఇంటర్‌ఫేస్ బయటికి తీసి, మీటర్ బీప్‌లో పెట్టండి. 1కీ 19కీ మధ్య మోగాలి. ఒక్కటి మాత్రం జాగ్రత్త. బోర్డు అడుగున జాయింట్ల మీద కొలవకండి. పైన ఐసీ ఒంటిలోంచి కాలు బయటికొచ్చే చోట, ఆ కాలి భుజం మీదే మీటర్ ముల్లు ఆనించి కొలవండి.

నెల్లూరు_48కె:

సార్, దొరికింది!

అడుగున కొలిస్తే బీప్ బాగా మోగింది. పైన ఐసీ కాళ్ళ భుజాల మీద పెడితే మోగలేదు. ఫోన్ టార్చ్ పక్క నుంచి అడ్డంగా వేసి చూశాను. 19వ కాలు బేస్ రంధ్రంలోకి దిగలేదు. ఐసీ నొక్కినప్పుడు లోపలికి మడత పడి, పొట్ట కిందకి పోయి పడుకుంది. పైనుంచి చూస్తే మిగతా కాళ్ళతో సమానంగా కూర్చున్నట్టే ఉంది. భుజం కనబడుతుంది, పాదం కనబడదు. ఇన్నాళ్ళూ నేను జాయింట్లు చూసుకుంటూ కూర్చున్నాను, జాయింట్లన్నీ బాగానే ఉన్నాయి.

సన్న స్క్రూడ్రైవర్ రెండు వైపుల నుంచీ కొంచెం కొంచెం పెట్టి ఐసీ లేపాను. మడిచిన కాలుని పట్టకారుతో ఒక్కసారే నిటారుగా లాగాను, రెండోసారి వంచితే విరిగిపోతుందని భయం. రెండు వరసల కాళ్ళనీ టేబుల్ మీద ఆనించి కొంచెం లోపలికి నొక్కి, మళ్ళీ బేస్‌లో పెట్టాను. ఈసారి ఒక్కో కాలూ రంధ్రం మీద ఉందని చూసుకున్నాకే నొక్కాను.

ఇప్పుడు 0 వస్తోంది. కదలకుండా, నిలకడగా 0. ఫైర్ నొక్కితే 16. పైకీ కుడికీ మూలగా తోస్తే 9. పది నిమిషాలు ఆ అంకెలే చూస్తూ కూర్చున్నాను. పన్నెండు రోజుల్లో మూడే అయ్యాయి. చాలా థాంక్స్ సార్.

కాకినాడ_పిక్సెల్:

మధ్యలో దూరుతున్నాను, ఏమనుకోకండి. నేనూ ఇలాంటి కిట్ కట్టబోతున్నాను. జాయ్‌స్టిక్ మాత్రం లేదు. చిన్నప్పటి టీవీ వీడియో గేమ్ ప్యాడ్‌లు రెండున్నాయి, క్యాసెట్ గుచ్చి ఆడే రకం. వాటికీ తొమ్మిది రంధ్రాల ప్లగ్గే ఉంది, సాకెట్‌లో సరిగ్గా పడుతోంది. వాడొచ్చా?

కోఠి_రిటైర్డ్:

వద్దు. ప్లగ్ పట్టినంత మాత్రాన పనికి రాదు. కెంప్‌స్టన్‌కి కావలసింది అటారీ పద్ధతి. 1 పైకి, 2 కిందకి, 3 ఎడమ, 4 కుడి, 6 ఫైర్, 8 గ్రౌండ్. ఒక్కో స్విచ్చికి ఒక్కో వైరు, నొక్కితే గ్రౌండ్‌కి తగలడం, అంతే. మీ టీవీ గేమ్ ప్యాడ్ లోపల ఒక చిప్ ఉంటుంది, నల్లటి తారు బొట్టులా కనబడుతుంది. బటన్లన్నిటినీ అది వరసగా ఒకే వైరు మీద పంపుతుంది. పైగా దాని పవర్ వైరు ఎక్కడ వస్తుందో ప్యాడ్‌ని బట్టి మారుతుంది. అలాగే గుచ్చితే 5 వోల్టులు షార్ట్ కావచ్చు.

కానీ పారేయకండి. విప్పి, ఆ నల్ల బొట్టుకి వెళ్ళే రాగి గీతల్ని బ్లేడుతో తెగ్గొట్టి, ఒక్కో బటన్‌కి నేరుగా వైరు సోల్డర్ చేస్తే అదే అటారీ ప్యాడ్ అవుతుంది. ఒక గంట పని. తెగ్గొట్టాక ప్రతి బటన్‌నీ మీటర్‌తో చూడండి, వదిలినప్పుడు మోగకూడదు, నొక్కితే గ్రౌండ్‌కి మోగాలి. సింక్లెయిర్ పేరుతో ప్లస్2, ప్లస్3 మెషిన్ల కోసం వచ్చిన జాయ్‌స్టిక్‌లు దొరికినా నేరుగా పనిచేయవు, వాటి వైరింగ్ వేరు.

టంకం_పొగ:

కాకినాడ బ్రదర్, ఎడ్జ్ కనెక్టర్ కిట్‌తో రాకపోతే కొత్తది వెతుక్కుంటూ తిరగకు. పాడైన పాత పీసీ మదర్‌బోర్డు మీద ఎనిమిది బిట్ల ఐఎస్ఏ స్లాట్ (కార్డులు గుచ్చే పొడుగు సాకెట్) ఉంటే అదే కొలత, పిన్నుకీ పిన్నుకీ 2.54 మిల్లీమీటర్లు. వరసకి 31 ఉంటాయి, మనకి 28 చాలు. చిన్న హ్యాక్సా బ్లేడుతో కోసి, 5వ జత పిన్నులు పీకేసి, ఆ గాడిలో పాత ఏటీఎం కార్డు ముక్క కోసి అంటించు. నేను హైదరాబాద్ గుజరాతీ గల్లీలో అడిగితే తుక్కు బోర్డు ఒకటి ఊరికే ఇచ్చారు.

నెల్లూరు_48కె:

ఒక్క చిన్న సందేహం సార్. బోర్డు మీద ఒక మూల రెండు రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి, పక్కన రీసెట్ అని రాసుంది. స్విచ్ మాత్రం కిట్‌లో రాలేదు. మామూలు పుష్ బటన్ వేసేయొచ్చా? ప్లస్ ఎడమ పక్కన రీసెట్ బటన్ ఉంది కానీ చిన్నది, ఆట పాడైనప్పుడల్లా అది నొక్కడం మావయ్యకి కష్టం.

కోఠి_రిటైర్డ్:

వేయొచ్చు. అడుగు వరసలో 20వది రీసెట్, దాన్ని గ్రౌండ్‌కి తాకిస్తే చాలు. నొక్కినప్పుడే కలిసే రకం తీసుకోండి, నొక్కితే అలాగే నిలిచిపోయే రకం వద్దు. కొంచెం పెద్ద టోపీ ఉన్నది కొనండి, ఆయన వేళ్ళకి వీలుగా ఉంటుంది.